ఎన్ని యునిక్స్ మెషిన్లున్నా ఒకే ఫైల్ చెట్టు: ఎన్ఎఫ్ఎస్ డైరెక్టరీలను అమర్చే పద్ధతి

ఒక సర్వర్‌లోని డైరెక్టరీని ఇంకో మెషిన్‌లో మౌంట్ చేయడం, అంటే అక్కడి ఫైల్ చెట్టులో ఒక దారి కింద కనిపించేలా తగిలించడం, రెండు నిమిషాల పని. అదే అమరికను నలభై మెషిన్లలో, ఏళ్ల తరబడి, సర్వర్లు మారినా డిస్కులు నిండినా ఎవరి పనీ ఆగకుండా నడపడం వేరే కథ. ఇలా నెట్‌వర్క్ మీదుగా డైరెక్టరీలు పంచే ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్)ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. అప్పటినుంచీ దీన్ని నడిపేవాళ్లను ప్రోటోకాల్ కంటే ఎక్కువగా ఏడిపించినవి మొదటిరోజు తొందరలో పెట్టేసిన పేర్లు. కాబట్టి ముందు పేర్ల సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే ఆదేశాల దగ్గరికి వెళ్దాం.

ఒక చిన్న గమనిక. ఫైల్ దారులూ ఆదేశాలూ ఆప్షన్లూ ఇక్కడ తెలుగు లిపిలోనే ఉన్నాయి. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటి అసలు ఆంగ్ల స్పెల్లింగ్‌తో కొట్టాలి.

దారిలో సర్వర్ పేరు కనిపించకూడదు

చాలాచోట్ల మొదలయ్యే తీరు ఇది: ఫైల్1 అనే సర్వర్‌లో మూడో డిస్కు ఖాళీగా ఉంటుంది. దాన్ని అన్ని మెషిన్లలోనూ /ఫైల్1/డిస్క్3 అని మౌంట్ చేస్తారు. సుధ అనే యూజర్ హోమ్ డైరెక్టరీ /ఫైల్1/డిస్క్3/సుధ అవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ దారి సుధ రాసిన స్క్రిప్టుల్లో, మేక్‌ఫైల్స్‌లో, క్రాన్ పనుల్లో (వేళకు వాటంతటవే నడిచేవి), సింబాలిక్ లింకుల్లో, కంపైల్ చేసిన ప్రోగ్రాముల లైబ్రరీ దారుల్లో కూడా పాతుకుపోతుంది. డిస్కు నిండి సుధను ఫైల్2కి మార్చాలన్నరోజు తల ప్రాణం తోకకొస్తుంది. లింకులు పెట్టి సర్దుబాటు చేస్తారు. ఆ లింకుల మీద ఇంకో రెండు లింకులు పడ్డాక ఏది ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు ఎవరూ మిగలరు.

దీనికి మందు మూడు పొరలుగా ఆలోచించడం. కింది పొర సర్వర్‌లో డేటా నిజంగా ఉన్న చోటు. దాన్ని ఎప్పుడూ /ఎక్స్‌పోర్ట్ కిందే పెట్టండి, ఉదాహరణకు /ఎక్స్‌పోర్ట్/హోమ్1. పై పొర మనుషులకూ ప్రోగ్రాములకూ కనిపించే దారి: /హోమ్/సుధ, /ప్రాజెక్ట్/వాతావరణం, /సాఫ్ట్. ఈ రెండింటినీ కలిపే మధ్య పొర ఆటోమౌంటర్ మ్యాప్. ఆటోమౌంటర్ అంటే ఎవరైనా దారిని తాకినప్పుడు దాన్ని మౌంట్ చేసే ప్రోగ్రామ్, మ్యాప్ అంటే ఏ దారికి ఏ సర్వరో చెప్పే జాబితా. సుధ డేటా ఏ సర్వర్‌లో ఉందన్న సమాచారం ఆ మ్యాప్‌లో ఒక్క వరుసలో ఉండాలి, ఇంకెక్కడా ఉండకూడదు. సర్వర్ మీద లాగిన్ అయిన మనిషి కూడా /ఎక్స్‌పోర్ట్ దారి వాడకుండా /హోమ్/సుధ అనే వాడాలి. ఆటోమౌంటర్ అది తన మెషిన్‌లోదేనని గుర్తుపట్టి, నెట్‌వర్క్ మీదుగా తిప్పకుండా బైండ్ మౌంట్ చేస్తుంది, అంటే ఆ డైరెక్టరీనే రెండో దారిలోనూ చూపిస్తుంది.

మ్యాప్‌లో కూడా మెషిన్ అసలు పేరు రాయకండి. మెషిన్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌లో హోమ్1, ప్రాజ్1, సాఫ్ట్1 లాంటి మారుపేర్లు పెట్టి వాటిని వాడండి. అయితే దీనిమీద మరీ ఆశ పెట్టుకోవద్దు. మారుపేరును ఇంకో సర్వర్‌కి తిప్పినా, అప్పటికే మౌంట్ చేసుకున్న క్లయింట్లు (సర్వర్ డైరెక్టరీలను వాడుకునే మెషిన్లు) పాత ఐపీనే పట్టుకుని ఉంటాయి. కొత్తగా మౌంట్ చేసేవి మాత్రమే కొత్త చోటికి వెళ్తాయి.

ఇంకో పాత జాగ్రత్త: రూట్ డైరెక్టరీలో నేరుగా ఎన్ఎఫ్ఎస్ మౌంట్లు పెట్టకండి. పాత యునిక్స్‌లలో మనం ఏ డైరెక్టరీలో ఉన్నామో చెప్పే పీడబ్ల్యూడీ ఆదేశం పైకి ఎక్కుతూ ప్రతి డైరెక్టరీనీ తడిమేది. ఒక్క సర్వర్ చచ్చినా దానితో సంబంధం లేని షెల్‌లు కూడా బిగుసుకుపోయేవి. ఇప్పుడు పీడబ్ల్యూడీకి ఆ జబ్బు లేదు కానీ, రూట్‌లో ఎల్ఎస్ -ఎల్ కొడితే మాత్రం అదే అనుభవం. మౌంట్లు ఎప్పుడూ ఒక మెట్టు లోపల ఉండాలి.

ఏది పంచాలి, ఏది పంచకూడదు

హోమ్, ప్రాజెక్టులు, సాఫ్ట్‌వేర్, తాత్కాలిక డేటా: చాలా సంస్థలకు ఈ నాలుగు రకాలు చాలు. వీటిని వేరువేరుగా ఉంచడానికి కారణం వాటి బ్యాకప్, కోటా, హక్కులు వేరువేరు కావడమే. హోమ్‌కి ప్రతిరాత్రి బ్యాకప్, గట్టి కోటా (ఒక్కొక్కరికి ఇంత స్థలమనే హద్దు). ప్రాజెక్టుకు గ్రూప్ హక్కులు. సాఫ్ట్‌వేర్ క్లయింట్లకు చదవడానికి మాత్రమే. తాత్కాలిక డేటాకు బ్యాకప్ ఉండదు, ఆ విషయం డైరెక్టరీ పేరులోనే తెలియాలి. /స్క్రాచ్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. /డేటా2 అంటే ఎవరికీ అర్థం కాదు.

పంచకూడనివి: /టెంప్, /వార్, డేటాబేస్ ఫైళ్లు, లాగ్ ఫైళ్లు. అనేక మెషిన్ల నుంచి ఒకే లాగ్ ఫైల్ చివర రాయించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఎన్ఎఫ్ఎస్‌లో 'చివర చేర్చు' అనే ఆపరేషన్ లేదు. క్లయింటే ఫైల్ పొడవు చూసుకుని ఆ స్థానంలో రాస్తుంది. రెండు మెషిన్లు ఒకేసారి రాస్తే ఒకరి వరుస మీద ఇంకొకరిది పడుతుంది. లాగ్‌లను నెట్‌వర్క్ మీదుగా ఒకచోటికి చేర్చే సిస్‌లాగ్‌తో పంపించండి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైళ్లదీ దాదాపు ఇదే గొడవ, అది ఫైల్ లాకుల మీదే నిలబడుతుంది కాబట్టి.

హోమ్ డైరెక్టరీ పంచినప్పుడు బ్రౌజర్ల కాష్ కూడా దానితోపాటే వచ్చేస్తుంది. వేల చిన్న ఫైళ్లు, ప్రతి క్లిక్‌కీ రాతలు. లాగిన్ స్క్రిప్టులో ఎక్స్‌డీజీ_కాష్_హోమ్ వేరియబుల్‌ను లోకల్ డిస్కులోని యూజర్ డైరెక్టరీకి మళ్లిస్తే సర్వర్ మీద భారం వెంటనే తగ్గడం కళ్లకు కనిపిస్తుంది.

సర్వర్ డిస్కులు: రకానికొక ఫైల్ సిస్టమ్

ఒకే పెద్ద ఫైల్ సిస్టమ్ చేసి, అందులోని డైరెక్టరీలను విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేయడం (ఇతర మెషిన్లకు అందించడం) సుఖంగా అనిపిస్తుంది. చేయవద్దు. ఎన్ఎఫ్ఎస్‌లో క్లయింట్ ఫైల్‌ను పేరుతో అడగదు, ఫైల్ హ్యాండిల్ అనే గుర్తుతో అడుగుతుంది. ఆ హ్యాండిల్‌లో ఫైల్ సిస్టమ్ గుర్తు, ఐనోడ్ నంబరు (ఫైల్ సిస్టమ్ లోపల ఫైల్‌కున్న నంబరు), జనరేషన్ నంబరు (ఆ ఐనోడ్‌ను మళ్లీ వాడినప్పుడు మారేది) ఉంటాయి. దారి ఉండదు. ఫైల్ సిస్టమ్‌లో ఒక ఉప డైరెక్టరీని మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసినా, తెలివైన దొంగ హ్యాండిల్‌ను ఊహించి కట్టి, అదే ఫైల్ సిస్టమ్‌లోని మిగతా ఫైళ్లను తాకవచ్చు. దీన్ని ఆపడానికి సబ్‌ట్రీ చెక్ అనే ఆప్షన్ ఉంది. కానీ తెరిచి ఉన్న ఫైల్‌కు ఎవరైనా పేరు మార్చినప్పుడు అది తకరారు పెడుతుంది. అందుకే చాలాకాలంగా దాన్ని ఆపి ఉంచడమే డీఫాల్ట్.

కాబట్టి /ఎక్స్‌పోర్ట్/హోమ్1, /ఎక్స్‌పోర్ట్/ప్రాజ్1, /ఎక్స్‌పోర్ట్/సాఫ్ట్ ఒక్కోటి ఒక్కో లాజికల్ వాల్యూమ్ (డిస్కు స్థలంలో విడిగా కేటాయించిన భాగం) మీద ఉండాలి. ఫైల్ సిస్టమ్ మొదలునే ఎక్స్‌పోర్ట్ చేయాలి. దీనివల్ల ఇంకో లాభం, ఒక ప్రాజెక్టు డిస్కు నింపేస్తే హోమ్‌లు ఆగిపోవు. పెద్ద ప్రాజెక్టులకు విడి వాల్యూమ్ ఇవ్వండి. చిన్నవాటిని ఒకేచోట ఉంచి, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోని ప్రాజెక్ట్ కోటాతో డైరెక్టరీకి ఇంత అని హద్దు పెట్టండి. కోటా అంటే ముఖం చిట్లించేవాళ్లు శుక్రవారం సాయంత్రం డిస్కు నూటికి నూరు శాతం నిండడం ఒకసారి చూస్తే చాలు.

ప్రాజెక్ట్ డైరెక్టరీకి హక్కులు 2770. ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్. దానివల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ ప్రాజెక్ట్ గ్రూప్ పేరు మీదే పుడుతుంది. అది ఒక్కటే చాలదు. కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే యూమాస్క్ యూజర్లకు 022 అయితే ఫైల్ గ్రూప్‌దే అయినా గ్రూప్‌లోని ఇంకొకరు రాయలేరు. యూమాస్క్ 002 చేయండి, లేదా డీఫాల్ట్ ఏసీఎల్ (హక్కుల జాబితా) పెట్టండి. 'నిన్న బాగానే ఉంది, ఇవాళ సేవ్ అవడం లేదు' అన్న ఫిర్యాదుకు వెనక తరచుగా ఉండేది ఇదే.

ఎక్స్‌పోర్ట్స్ ఫైల్, అందులోని ఖాళీ

లినక్స్ సర్వర్‌లో /ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో వరుస ఇలా ఉంటుంది:

/ఎక్స్‌పోర్ట్/హోమ్1 @ల్యాబ్(ఆర్‌డబ్ల్యూ,సింక్,రూట్_స్క్వాష్,నో_సబ్‌ట్రీ_చెక్)
/ఎక్స్‌పోర్ట్/సాఫ్ట్ @ల్యాబ్(ఆర్‌ఓ,సింక్,నో_సబ్‌ట్రీ_చెక్)

ఆర్‌డబ్ల్యూ అంటే చదవడం, రాయడం రెండూ, ఆర్‌ఓ అంటే చదవడం మాత్రమే. @ల్యాబ్ అనేది నెట్‌గ్రూప్, మెషిన్ల జాబితాకు పెట్టిన పేరు. నెట్‌గ్రూప్‌లు లేకపోతే సబ్‌నెట్ (ఐపీ చిరునామాల శ్రేణి) రాయవచ్చు. ఇక్కడ కళ్లు పెద్దవి చేసుకుని చూడాల్సింది క్లయింట్ పేరుకీ బ్రాకెట్‌కీ మధ్య. అక్కడ ఖాళీ ఉండకూడదు. పొరపాటున ఒక్క స్పేస్ పడితే అర్థం పూర్తిగా మారిపోతుంది: ల్యాబ్ మెషిన్లకు డీఫాల్ట్ ఆప్షన్లు, అంటే చదవడం మాత్రమే, బ్రాకెట్‌లోని రాసే హక్కు మాత్రం ఆ సర్వర్‌ని చేరగలిగే ప్రతి మెషిన్‌కీ. ఫైల్ మార్చిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ కొట్టి, వెంటనే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -వీ ఇచ్చే జాబితా చదవండి. ఈ తప్పు జరిగితే అక్కడ క్లయింట్ చోట 'వరల్డ్' అని బట్టబయలవుతుంది.

రూట్_స్క్వాష్ డీఫాల్ట్‌గానే ఉంటుంది. క్లయింట్‌లోని రూట్ యూజర్‌ను సర్వర్ నోబడీగా, సాధారణంగా యూఐడీ (యూజర్ నంబరు) 65534గా చూస్తుంది. దీన్ని తీసేయమని ఏదో ఒక ఇన్‌స్టాలర్ అడుగుతుంది. తీయకండి. /సాఫ్ట్‌లో ఏదైనా పెట్టాలంటే సర్వర్ మీదే పెట్టండి. లేదంటే సాఫ్ట్‌అడ్మిన్ అనే మామూలు యూజర్‌ను ఆ చెట్టుకు యజమానిగా చేసి, ఒకే ఒక్క మెషిన్‌కు రాసే హక్కు ఇవ్వండి.

ఏసింక్ ఆప్షన్ పెడితే రాతలు చురుగ్గా సాగుతాయి. డేటా డిస్కుకు చేరకముందే సర్వర్ 'అయింది' అని చెప్పేస్తుంది మరి. కరెంటు పోతే ఆ 'అయింది' అబద్ధమవుతుంది, క్లయింట్‌కు ఆ సంగతి తెలియదు. స్క్రాచ్‌కి తప్ప దేనికీ పెట్టవద్దు.

ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4 వాడితే ఫైర్‌వాల్‌లో టీసీపీ 2049 ఒక్క పోర్ట్ తెరిస్తే చాలు. వెర్షన్ 3కి పోర్ట్‌మ్యాపర్ 111, ఇంకా మౌంట్‌డీ, లాక్‌డీ, స్టాట్‌డీ అనే సహాయక ప్రోగ్రాముల పోర్టులు కూడా కావాలి. పాత మెషిన్లు లేకపోతే 4కే కట్టుబడండి. సర్వర్ థ్రెడ్‌ల సంఖ్య చాలాకాలం 8గానే వస్తూ ఉండేది. పదుల క్లయింట్లకు అది చాలదు, ఎన్ఎఫ్ఎస్.కాన్ఫ్ ఫైల్‌లో 64కి పెంచండి.

యూఐడీలు కలవకపోతే మొదటికే మోసం

అడిగేది ఎవరో సర్వర్‌కు చెప్పే మామూలు పద్ధతి పేరు సిస్. అందులో ఎన్ఎఫ్ఎస్ యూజర్ పేరు పంపదు, నంబరు పంపుతుంది. ఒక మెషిన్‌లో సుధ 1004, ఇంకోదానిలో 1004 గోపి అయితే, గోపి సుధ ఫైళ్లను తనవిగా చూస్తాడు. డైరెక్టరీలు పంచడానికి ముందే అన్ని మెషిన్లకూ ఒకే యూఐడీ, జీఐడీ (గ్రూప్ నంబరు) జాబితా ఉండాలి. దానికి ఎల్‌డాప్ (యూజర్ల వివరాలను ఒకేచోటి నుంచి అన్ని మెషిన్లకూ ఇచ్చే సేవ) మేలు. పది మెషిన్లయితే ఒకే పాస్‌వర్డ్ ఫైల్‌ను అన్నింటికీ పంపినా సరిపోతుంది. నంబర్లను సరిదిద్దాలంటే పాత నంబరుతో ఉన్న ఫైళ్లను ఫైండ్ ఆదేశంతో వెతికి చోన్ ఆదేశంతో యజమానిని మార్చాలి. రెండు నంబర్లు ఒకదానికొకటి తారుమారయ్యే చోట మధ్యలో ఎవరికీ లేని నంబరు ఒకటి వాడండి. లేకపోతే ఇద్దరి ఫైళ్లూ ఒకరి ఖాతాలో కలిసిపోతాయి, ఇక విడదీయలేరు.

గ్రూపులకు ఒక హద్దు ఉంది. సిస్ పద్ధతిలో ఒక రిక్వెస్ట్‌తో గరిష్ఠంగా 16 గ్రూపులే వెళ్తాయి. ఇరవై గ్రూపుల్లో ఉన్న మనిషికి కొన్ని ప్రాజెక్టులు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, ఐడీ ఆదేశం మాత్రం అన్నీ చూపిస్తుంది. సర్వర్‌లో మౌంట్‌డీకి మేనేజ్-జిడ్స్ ఆప్షన్ ఇస్తే క్లయింట్ పంపిన జాబితాను పక్కనపెట్టి, సర్వరే గ్రూపులను వెతుక్కుంటుంది. అప్పుడు సర్వర్‌కు కూడా అదే ఎల్‌డాప్ అందుబాటులో ఉండాలి.

వెర్షన్ 4లో అన్ని ఫైళ్లూ నోబడీ పేరుమీద కనిపిస్తే ఐడీమ్యాప్‌డీ.కాన్ఫ్ ఫైల్‌లో డొమైన్ అనే వరుస చూడండి. అది సర్వర్‌లో, క్లయింట్‌లో అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

సిస్ పద్ధతి క్లయింట్ మెషిన్‌ను గుడ్డిగా నమ్ముతుంది. ఏ క్లయింట్‌లోనైనా రూట్ హక్కు ఉన్నవాడు ఎస్‌యూ కొట్టి సుధగా మారితే, రూట్_స్క్వాష్ ఏమీ చేయలేదు. మనుషులు తమ ల్యాప్‌టాప్‌లను తామే చూసుకునే చోట ప్రతి యూజరూ టికెట్‌తో తానెవరో రుజువు చేసుకునే కెర్బెరోస్ తప్పదు. దాని ఖరీదు కూడా ముందే తెలుసుకోవాలి: టికెట్ గడువు తీరాక రాత్రంతా నడిచే పనులకు అనుమతి పోతుంది, క్రాన్ పనులకు కీట్యాబ్ (రహస్య కీ దాచిన ఫైల్) కావాలి.

ఆటోమౌంటర్: ఈ వ్యవహారానికి గుండెకాయ

ప్రతి మెషిన్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు చేయాల్సిన మౌంట్ల జాబితా) మౌంట్లు రాసుకుంటూ పోతే, వరుసల సంఖ్యను మెషిన్ల సంఖ్యతో హెచ్చవేసినన్ని చోట్ల తప్పులకు అవకాశం. ఆటోఎఫ్ఎస్ అనే ఆటోమౌంటర్ వాడండి. సొలారిస్, లినక్స్, మ్యాక్ ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అన్నింటిలోనూ ఉంది, మ్యాప్‌ల రూపం కూడా దాదాపు ఒకటే. ఎవరైనా /హోమ్/సుధను తాకినప్పుడే అది మౌంట్ అవుతుంది. కొంతసేపు ఎవరూ తాకకపోతే దానంతటదే దిగిపోతుంది.

ఆటో.మాస్టర్ ఫైల్‌లో:

/హోమ్ /ఈటీసీ/ఆటో.హోమ్ --టైమౌట్=300
/ప్రాజెక్ట్ /ఈటీసీ/ఆటో.ప్రాజెక్ట్ --టైమౌట్=300
/- /ఈటీసీ/ఆటో.డైరెక్ట్

ఆటో.హోమ్ ఫైల్‌లో:

గోపి -హార్డ్,నోసూయిడ్,నోడెవ్ హోమ్2:/ఎక్స్‌పోర్ట్/హోమ్2/&
* -హార్డ్,నోసూయిడ్,నోడెవ్ హోమ్1:/ఎక్స్‌పోర్ట్/హోమ్1/&

& గుర్తు చోట ఎడమవైపున్న పేరు వచ్చి కూర్చుంటుంది. నక్షత్రం వరుస ఇంకెక్కడా దొరకని పేర్లన్నింటికీ. దాన్ని ఎప్పుడూ చివరే రాయాలి, మ్యాప్‌ను పైనుంచి కిందికి చదివే ఆటోమౌంటర్లు నక్షత్రం తర్వాతి వరుసలను పట్టించుకోవు. కొత్త యూజర్ వస్తే మ్యాప్ ముట్టుకోనక్కర్లేదు, సర్వర్‌లో డైరెక్టరీ చేస్తే చాలు. ఎవరినైనా ఇంకో సర్వర్‌కి మారిస్తే ఒక వరుస చేరుతుంది.

మొదటి రెండూ పరోక్ష మ్యాప్‌లు, మూడోది ప్రత్యక్ష మ్యాప్. ప్రత్యక్ష మ్యాప్‌లో ఎడమవైపు పూర్తి దారి రాస్తారు, /సాఫ్ట్/కామన్ లాంటిది. వీలైనంతవరకు పరోక్షమే వాడండి. అందులో చేసిన మార్పు తర్వాత ఆ పేరు తాకినప్పుడే అమల్లోకి వస్తుంది. ప్రత్యక్ష మ్యాప్ మార్చినా, ఆటో.మాస్టర్ మార్చినా ప్రతి మెషిన్‌లో ఆటోఎఫ్ఎస్‌ను రీలోడ్ చేయాలి.

ఆటోఎఫ్ఎస్ /హోమ్‌ను తన చేతిలోకి తీసుకున్నాక, అంతకుముందు లోకల్ డిస్కులో /హోమ్ కింద ఉన్నవన్నీ కప్పబడిపోతాయి. పోవు, కనిపించవు. కొత్తగా అక్కడ డైరెక్టరీ చేయబోతే అనుమతి లేదంటుంది. అడ్మిన్‌ల కోసం ప్రతి మెషిన్‌లో ఒక లోకల్ ఖాతా ఉంచి, దాని హోమ్‌ను /వార్/లోకల్‌హోమ్ కింద పెట్టండి. ఫైల్ సర్వర్ పడిపోయినరోజు లాగిన్ కాగలిగేది ఆ ఖాతా ఒక్కటే.

మ్యాప్‌లను ఎల్‌డాప్‌లో ఉంచవచ్చు. లేదా గిట్‌లో ఉంచి, ఆన్సిబుల్ లాంటి పనిముట్టుతో అన్ని మెషిన్లకూ పంపవచ్చు. రెండోదానిలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలుస్తుంది. పైగా ఎల్‌డాప్ ఆగినరోజు హోమ్‌లు కూడా ఆగవు.

హార్డ్, సాఫ్ట్

సర్వర్ జవాబివ్వకపోతే హార్డ్ మౌంట్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. సాఫ్ట్ మౌంట్ కొన్ని ప్రయత్నాల తర్వాత ప్రోగ్రామ్‌కు ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఎదురుచూపు విసుగు పుట్టించి సాఫ్ట్ వైపు లాగుతుంది. కానీ రాసేటప్పుడు వచ్చే ఎర్రర్‌ను పట్టించుకోని ప్రోగ్రాములు కోకొల్లలు. అవి సగం ఫైల్ రాసి, పని అయిపోయిందనుకుని వెళ్లిపోతాయి. రాసే హక్కున్న ప్రతి మౌంటూ హార్డ్‌గా ఉండాలి. చదవడానికి మాత్రమే ఉన్నవాటిలో, అదీ పోయినా పర్లేదనుకున్న వాటిలోనే సాఫ్ట్ ఆలోచించండి. ఇంటర్ అనే ఆప్షన్ ఇప్పటికీ పాత నోట్సుల్లో కనిపిస్తుంది. లినక్స్ కెర్నల్ 2.6.25 నుంచి దానికి ఏ ప్రభావమూ లేదు. బిగుసుకున్న ప్రాసెస్‌ను కిల్ -9 తోనే ఆపగలరు.

జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే టైమియో విలువ సెకనులో పదోవంతు లెక్కలో ఉంటుంది. టీసీపీకి డీఫాల్ట్ 600, అంటే 60 సెకన్లు. దాన్ని 60 సెకన్లు చేద్దామని 60 అని రాసేవాళ్లు నిజానికి 6 సెకన్లు పెడుతున్నారు.

ఒక మెషిన్‌లో మార్చిన ఫైల్ ఇంకోదానిలో వెంటనే కనిపించకపోవడం లోపం కాదు. క్లయింట్ ఫైళ్ల వివరాలను 3 నుంచి 60 సెకన్లు, డైరెక్టరీల వివరాలను 30 నుంచి 60 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్ ఇచ్చే హామీ ఒక్కటే: ఒకరు ఫైల్ మూశాక ఇంకొకరు తెరిస్తే కొత్తది కనిపిస్తుంది. నోఏసీ ఆప్షన్ పెడితే ఈ కాష్ పోతుంది, దానితోపాటు వేగమూ పోతుంది.

సాఫ్ట్‌వేర్ చెట్టు

వేర్వేరు ప్రాసెసర్లు, వేర్వేరు ఓఎస్‌లు ఉన్నచోట ప్రోగ్రాములను రెండుగా విడదీయాలి. ఎక్కడైనా నడిచేవి, అంటే స్క్రిప్టులు, మాన్యువల్ పేజీలు, డేటా ఫైళ్లు /సాఫ్ట్/కామన్ కింద. బైనరీలు /సాఫ్ట్/ఆర్చ్ కింద. ఆటోమౌంటర్ మ్యాప్‌లో వేరియబుల్ వాడితే ప్రతి మెషిన్‌కీ తనకు తగిన చెట్టే /సాఫ్ట్/ఆర్చ్‌గా కనిపిస్తుంది:

/సాఫ్ట్/ఆర్చ్ -ఆర్‌ఓ సాఫ్ట్1,సాఫ్ట్2:/ఎక్స్‌పోర్ట్/సాఫ్ట్/$ప్లాట్

ఓఎస్‌రెల్ అనే సిద్ధంగా ఉన్న వేరియబుల్‌ను వాడాలనిపిస్తుంది. సొలారిస్‌లో అది బాగానే పనిచేసేది. లినక్స్‌లో దాని విలువ కెర్నల్ వెర్షన్, కాబట్టి కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడే చెట్టు మాయమవుతుంది. ఆటో.మాస్టర్‌లో -డీప్లాట్=ఫలానా అని మీ సొంత వేరియబుల్‌ను నిర్వచించుకోండి. రెండు సర్వర్ల పేర్లు కామాతో రాయడం చదివే మౌంట్లకు మాత్రమే, రెండుచోట్లా ఒకే డేటా ఉన్నప్పుడే. లినక్స్‌లో ఈ ఎంపిక మౌంట్ చేసే క్షణంలోనే జరుగుతుంది. మధ్యలో సర్వర్ పోతే ఆ క్లయింట్ రెండోదానికి దానంతటది దూకదు.

నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైల్ మీద కొత్త వెర్షన్‌ను ఎప్పుడూ అతికించకండి. లోకల్ డిస్కులో అయితే కెర్నల్ 'ఫైల్ వాడుకలో ఉంది' అని అడ్డుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కు ఆ ప్రోగ్రామ్ ఇంకెక్కడో నడుస్తోందని తెలియదు. అతికించిన మరుక్షణం ముప్పై మెషిన్లలో ప్రోగ్రాములు బస్ ఎర్రర్‌తో కూలుతాయి. ప్రతి వెర్షన్‌నూ దాని సొంత డైరెక్టరీలో పెట్టండి: పైథాన్-3.11, పైథాన్-3.12. పైథాన్ అనే లింకును కొత్తదానికి తిప్పండి. తిప్పేటప్పుడు వేరే పేరుతో కొత్త లింకు చేసి, ఎంవీ -టీ తో పాతదాని పేరు ఇవ్వండి. అప్పుడు లింకు లేని క్షణమంటూ ఉండదు.

ఈ లింకులు సాపేక్ష దారితో ఉండాలి. లింకును చదివి దారి పట్టేది క్లయింట్, సర్వర్ కాదు. సర్వర్‌లో /ఎక్స్‌పోర్ట్/సాఫ్ట్/పైథాన్-3.12 అని పూర్తి దారి రాస్తే, క్లయింట్ ఆ దారిని తన సొంత డిస్కులో వెతుక్కుని దొరకలేదంటుంది.

చెడిపోయే తీర్లు

సర్వర్ పడితే డీఎఫ్, ఎల్ఎస్ లాంటివన్నీ బిగుసుకుపోతాయి. ఏ మౌంట్లు ఉన్నాయో చూడటానికి ఫైండ్‌మౌంట్ వాడండి, అది కెర్నల్ పట్టికను మాత్రమే చదువుతుంది. సర్వర్ తిరిగి లేస్తే పనులు ఆగినచోటి నుంచే సాగుతాయి, కంగారుపడి క్లయింట్లను రీబూట్ చేయకండి. వెర్షన్ 4 సర్వర్ లేచిన మొదటి 90 సెకన్లు కొత్త లాకులు ఇవ్వదు, పాతవాళ్లు తమ లాకులను తిరిగి తీసుకోవడానికి ఆ గడువు. ఆ ఒకటిన్నర నిమిషంలో 'ఇంకా పనిచేయడం లేదు' అని మళ్లీ రీస్టార్ట్ చేస్తే గడువు మొదటి నుంచి లెక్క.

రెండు సర్వర్లు ఒకదాన్నొకటి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మౌంట్ చేసుకుంటే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. కరెంటు పోయి రెండూ ఒకేసారి లేచినరోజు, ఒకదాని బూట్ రెండోదాని కోసం, రెండోది మొదటిదాని కోసం ఆగుతాయి. సర్వర్లు ఎవరి మీదా ఆధారపడకుండా బూట్ కావాలి. వాటి మధ్య ఏదైనా కావాలంటే ఆటోమౌంటర్ ద్వారానే.

'స్టేల్ ఫైల్ హ్యాండిల్' వచ్చిందంటే క్లయింట్ పట్టుకున్న గుర్తుకు సర్వర్‌లో ఇప్పుడు అర్థం లేదని. డైరెక్టరీ చెరిపి అదే పేరుతో మళ్లీ చేసినా, ఫైల్ సిస్టమ్‌ను ఫార్మాట్ చేసి బ్యాకప్ నుంచి నింపినా, ఐనోడ్‌లు మారి ఇదే వస్తుంది. క్లయింట్‌లో యూమౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయడమే దారి.

చుక్క ఎన్ఎఫ్ఎస్ అని మొదలై పొడవాటి అంకెలతో ఉన్న ఫైళ్లు కనిపిస్తే, అవి తెరిచి ఉండగానే చెరిపేసిన ఫైళ్లు. ప్రోగ్రామ్ మూసుకోగానే పోతాయి. క్లయింట్ కూలిపోతేనే మిగిలిపోతాయి. వారం దాటినవాటిని సర్వర్‌లో ఫైండ్‌తో తీసేయవచ్చు.

ప్రతిరాత్రి ఒకే సమయానికి సర్వర్ నత్తనడక నడుస్తుంటే, క్లయింట్ల క్రాన్ చూడండి. అన్ని మెషిన్లూ ఒకేసారి ఫైల్ జాబితా తయారుచేసుకోవడానికి పంచిన చెట్టంతా తిరుగుతూ ఉంటాయి. అప్‌డేట్‌డీబీ.కాన్ఫ్‌లో వదిలేయాల్సిన ఫైల్ సిస్టమ్‌ల జాబితాలో ఎన్ఎఫ్ఎస్, ఎన్ఎఫ్ఎస్4 రెండూ ఉండాలి. సొంత స్క్రిప్టుల్లోని ఫైండ్‌కి -ఎక్స్‌డెవ్ ఇవ్వాలి. బ్యాకప్ కూడా సర్వర్ మీదే నడవాలి, ఎన్ఎఫ్ఎస్ మీదుగా కాదు.

ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేసిన మెషిన్లకు హోస్ట్‌నేమ్ మార్చడం మరిస్తే, వెర్షన్ 4 సర్వర్ వాటిని ఒకే క్లయింట్ అనుకోవచ్చు. ఒకటి మౌంట్ చేయగానే ఇంకోదాని లాకులు ఊడిపోతాయి. చూడటానికి నెట్‌వర్క్ జబ్బులా ఉంటుంది, నెట్‌వర్క్‌లో ఏమీ దొరకదు.

గడియారాలు కలవకపోతే మేక్ తికమకపడుతుంది, 'ఫైల్ సమయం భవిష్యత్తులో ఉంది' అంటుంది. గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ అన్నింటిలోనూ నడవాలి.

ఒక ప్రాజెక్టును సర్వర్ మార్చడం

వాతావరణం అనే ప్రాజెక్టును ఫైల్1 నుంచి ఫైల్2కి మార్చాలనుకోండి. పేర్లు సరిగ్గా పెట్టుకుంటే ఇందులో యూజర్లకు తెలిసేది అరగంట విరామమే.

ముందుగా ఫైల్2లో వాల్యూమ్ చేసి, అవే హక్కులతో, అదే గ్రూప్‌తో డైరెక్టరీ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక క్లయింట్‌లో /ఎంఎన్‌టీ కింద చేత్తో మౌంట్ చేసి, మామూలు యూజర్‌గా ఒక ఫైల్ రాసి చూడండి. తర్వాత సర్వర్ నుంచి సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్ మీద రూట్‌గా ఆర్‌సింక్ (మారినవాటినే కాపీ చేసే ఆదేశం):

ఆర్‌సింక్ -ఏహెచ్ఏఎక్స్ --న్యూమరిక్-ఐడ్స్ /ఎక్స్‌పోర్ట్/ప్రాజ్1/వాతావరణం/ ఫైల్2:/ఎక్స్‌పోర్ట్/ప్రాజ్2/వాతావరణం/

ఆప్షన్లలో మొదటి 'ఏ' చిన్నక్షరం, మిగతా మూడూ పెద్దక్షరాలు. పెద్ద హెచ్ లేకపోతే హార్డ్ లింకులు విడివిడి ఫైళ్లుగా మారి డిస్కు ఉబ్బుతుంది. పెద్ద ఏ లేకపోతే ఏసీఎల్‌లు రావు. దారి చివర గీత మరిస్తే వాతావరణం లోపల ఇంకో వాతావరణం పుడుతుంది. ఈ కాపీని ఎన్ఎఫ్ఎస్ మౌంట్ మీదుగా చేయబోతే రూట్_స్క్వాష్ అడ్డుపడి, యజమాని ఒక్కరే చదవగల ఫైళ్లు రావు.

మొదటి కాపీకి గంటలు పట్టనీయండి, యూజర్లు పనిచేసుకుంటూనే ఉంటారు. రోజూ మళ్లీ నడుపుతూ, అది కొద్ది నిమిషాల్లో ముగిసేదాకా ఆగండి. చెప్పిన సమయానికి ఫైల్1లో ఆ ఎక్స్‌పోర్ట్‌ను ఆర్‌ఓ చేసి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ కొట్టండి. ఇక ఎవరూ రాయలేరు. చివరి ఆర్‌సింక్‌ను --డిలీట్ కలిపి నడపండి. ఈ ఆప్షన్‌తో దారి తప్పు రాస్తే ఎంత ప్రమాదమో తెలుసు కాబట్టి, ముందు -ఎన్ తో ఉత్తుత్తి పరుగు పెట్టి చూసుకోండి. ఆ తర్వాత ఆటో.ప్రాజెక్ట్‌లో ఒక్క వరుస మార్చి అన్ని మెషిన్లకూ పంపండి.

ఇక్కడితో అయిపోయిందనుకుని ఫైల్1 ఎక్స్‌పోర్ట్‌ను తీసేయడమే చాలామంది చేసే పొరపాటు. మ్యాప్ మారినా, అప్పటికే మౌంట్ అయి ఉన్న క్లయింట్లు పాత చోటునే పట్టుకుని ఉంటాయి. ఎవరో ఒకరి షెల్ మూడు రోజులుగా ఆ డైరెక్టరీలోనే కూర్చుని ఉంటుంది, అందుకని టైమౌట్ రానే రాదు. అన్ని క్లయింట్లలోనూ ఫైండ్‌మౌంట్ నడిపి, ఫైల్1 మారుపేరు ప్రాజ్1తో ఇంకా ఉన్న వాతావరణం మౌంట్లు వెతకండి. దొరికిన చోట ఫ్యూజర్ -ఎం తో ఎవరు పట్టుకున్నారో చూసి, వాళ్లకు చెప్పి బయటికి రప్పించండి. అన్నీ దిగాకే ఎక్స్‌పోర్ట్ తీయండి. పాత డైరెక్టరీ పేరు చివర తేదీ చేర్చి, హక్కులు 000 చేసి పక్కన పెట్టండి. కొత్త చోటినుంచి ఒక పూర్తి బ్యాకప్ అయి, అందులోంచి రెండు ఫైళ్లు వెనక్కి తీసి చూసుకున్నాక చెరపండి.